ఫ్రేములో పట్టినంత ఫ్యాక్టరీ

గోడకి రంగు వేసేవాళ్ళు ఎక్కడైనా మూల దగ్గర ఆపుతారు, లేదంటే డబ్బా ఖాళీ అయిన చోట ఆపుతారు. మా ఊరి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మాత్రం గోడ మధ్యలో, నిలువునా, తాడు పట్టి గీసినట్టు ఆపేశారు. గీతకి ఎడమవైపు లేత నీలం రంగు, పైన తెల్లటి అంచు, కింద వరసగా పూలమొక్కలు. కుడివైపు పచ్చి సిమెంటు, వేలాడే వైర్లు, ఇటుక ముక్కల గుట్ట. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి పాపం రంగు చాలలేదేమో అనుకునేవాళ్ళు. రంగుకేం కొదవ లేదు, గోదాములో డబ్బాలు మూలుగుతుండేవి. కెమెరా చూపు ఆ గీత దగ్గరితో సరి, అంతే.

ఆ కెమెరా నా పెత్తనంలో ఉండేది. ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న పాత నీళ్ళ ట్యాంకు మీద, ఒక ఇనప పెట్టెలో కూర్చుని, అరగంటకో ఫొటో తీసి మా ఆఫీసుకి పంపేది. ఊరికి ఈ చివరన, ఫ్యాను కంటే ఫ్యాను చప్పుడే ఎక్కువగా తిరిగే గదిలో కూర్చుని, వచ్చిన ఫొటోనల్లా నేను చూసేదాన్ని. లెన్స్ మీద దుమ్ము పడిందా, సోలార్ పలక మీద పక్షులు రెట్టలేశాయా, గాలికి కెమెరా పక్కకి జరిగిందా, ఇవన్నీ చూసుకోవడమే నా ఉద్యోగం. పునాది తవ్వినప్పటి నుంచి ప్రారంభోత్సవం దాకా తీసిన ఫొటోల్లోంచి ఏరి వరసగా పేర్చి ఆడిస్తే రెండు మూడు నిమిషాల సినిమా అవుతుంది. ఏళ్ళ తరబడి జరిగిన పని గబగబా లేచి నిలబడుతుంది. ఏసీ హాల్లో కూర్చున్న పెద్దమనుషులు దాన్ని చూసి చప్పట్లు కొడతారు.

ఈ వృత్తిలో నియమం ఒక్కటే. కెమెరా కదలకూడదు. వెంట్రుకవాసి కదిలినా మొత్తం సినిమా ఒక్కసారి ఎగిరి పడినట్టు కనిపిస్తుంది, అంతవరకూ పడ్డ శ్రమ బూడిదలో పోసినట్టే. మా యజమాని నోరు తెరిస్తే వచ్చే మాట కూడా అదే కాబట్టి, ఆయన వెనకాల మేమంతా ఆయన్ని 'కదలకూడదు గారు' అనేవాళ్ళం. గాలికి పక్కకి జరిగితే మళ్ళీ పాత చోటికి తేవడానికి కెమెరా కింద చిన్న మోటారు ఉండేది. దాని మీట నా కంప్యూటర్లోనే ఉండేది. ఇన్నాళ్ళలో నా ఫ్రేము ఒక్కసారి కూడా చెదరలేదని నాకు కాస్త పొగరు ఉండేది. కాస్త కాదు, బాగానే ఉండేది.

ఫ్యాక్టరీ సొంతదారుని అందరూ పెద్దాయన అంటారు. ఆయనకి దుమ్ము పడదు. పునాదిరాయి రోజున ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి వెళ్ళాడు, మళ్ళీ ఇటు తొంగిచూస్తే ఒట్టు. ఎక్కడో పెద్ద నగరంలో ఆయన గదిలో గోడంత తెర ఉంది. దాని మీద మా కెమెరా ఫొటో అరగంటకోసారి మారుతూ ఉంటుంది. ఆయన దృష్టిలో ఫ్యాక్టరీ అంటే అదే.

ఒక రోజు పెద్దాయన దగ్గర్నుంచి 'ఆ ఇసక కుప్ప బాగాలేదు' అని సందేశం వచ్చింది. ఫ్యాక్టరీ కట్టే చోట ఇసక లేకపోతే ఏముంటుందని అడిగే ధైర్యం ఎవరికి ఉంది? సైటు మేనేజర్ సాయంత్రానికల్లా కుప్పని ఎత్తించి ఫ్రేములోంచి కుడివైపు అవతలికి పోయించాడు. మర్నాడు 'శభాష్, పని ఊపందుకుంది' అని ఇంకో సందేశం. పని ఊపందుకోలేదు, ఇసక చోటు మారిందంతే. కానీ మేనేజర్‌కి ఆ ఒక్క శభాష్‌తో జ్ఞానోదయమైంది.

ఈ మేనేజర్‌ని పనివాళ్ళు పెళ్ళికొడుకు అంటారు. ఎర్రటి ఎండలో కూడా ఇస్త్రీ నలగని చొక్కా, దువ్విన తల, పక్కన గొడుగు పట్టే మనిషి. కెమెరా ఎప్పుడు ఫొటో తీస్తుందో కనుక్కుని, సరిగ్గా ఆ వేళకి ఫ్రేములో ఎక్కడో ఒకచోట నిలబడి, చెయ్యి చాపి దేన్నో చూపిస్తూ ఉండేవాడు. నా దగ్గరున్న వేల ఫొటోల్లో ఆయన చెయ్యి చాపి చూపిస్తూనే ఉన్నాడు. ఒకసారి ఫొటోని పెద్దది చేసి చూశాను, ఆ చెయ్యి చూపిస్తున్న వైపు ఒక కుక్క పడుకుని ఉంది.

తర్వాత ఆయన నా ఫ్రేముని పెద్ద పోస్టరుగా అచ్చు వేయించి తన గదిలో తగిలించుకున్నాడు. ఏ పని గురించి ఎవరు వెళ్ళి అడిగినా ముందు ఆ పోస్టరు వైపు తిరిగి, "ఇది ఫొటోలో ఉందా?" అనేవాడు. ఉంటే వెంటనే అయ్యేది. లేకపోతే చూద్దాం అనేవాడు. అలా ఫ్రేములో పడినంత మేర రోడ్డు వచ్చింది, దీపాలు వచ్చాయి, మొక్కలు వచ్చాయి. ట్యాంకు మీదికి ఒక మనిషిని ఎక్కించి, వాకీటాకీలో "ఇంకొంచెం కుడికి, చాలు, అక్కడ ఆపు" అని చెప్పించి మరీ రంగు వేయించాడు. చెత్తా చెదారం, విరిగిన పలకలు, పగిలిన గొట్టాలు అన్నీ గీత దాటించి కుడివైపు పోయించాడు. ఎవరూ నిలబడని చోట ఒక గుండ్రటి బాల్కనీ కూడా కట్టించాడు. దాంట్లోకి వెళ్ళడానికి దారి లేదు, ఫొటోలో మాత్రం ముచ్చటగా ఉంది.

గీతకి కుడివైపునే మా వదిన పనిచేస్తుంది.

మా అన్నయ్య భార్య. నేనూ వాళ్ళతోనే ఉంటాను. ఫ్యాక్టరీలో సగం ఇంకా కడుతుండగానే కుడివైపు భాగంలో పెట్టెల తయారీ మొదలైపోయింది. అక్కడ పై అంతస్తులో ఆడవాళ్ళు అట్టలు మడిచి బంక పెట్టి అంటిస్తారు, వాళ్ళ మీద వదిన సూపర్‌వైజరు. నా ఉద్యోగం సంగతి తెలిసిన కొత్తలో వదిన నన్ను ఆటపట్టించేది.

"ఏమ్మా ఆడపడుచూ, ఇంట్లో నా మీద కన్నేసింది చాలక ఫ్యాక్టరీలో కూడా నీ కన్నేనా?"

"నువ్వు నా కంటికి ఆనవులే వదినా. నువ్వుండేది ఫ్రేము అవతల."

"బతికిపోయాను," అని నవ్వేది వదిన.

బతికిపోవడం సంగతి తర్వాత తేలింది. ఆ పై అంతస్తుకి దారి ఒక్కటే. లోపలి మెట్లు, అవి కూడా అట్టల్ని వేడిగాలితో ఆరబెట్టే యంత్రం పక్కనుంచి. ఒక మధ్యాహ్నం ఆ యంత్రం బెల్టు కాలి, మెట్ల నిండా పొగ కమ్ముకుంది. ఆడవాళ్ళంతా ముక్కులకి గుడ్డలు అడ్డం పెట్టుకుని, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని ఆ పొగలోంచే దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఏమీ జరగనట్టే లెక్క. నిజానికి నక్షాలో బయటి గోడకి ఇనప మెట్లు, పైన తలుపు ఉన్నాయి. వదిన వెళ్ళి అడిగితే పెళ్ళికొడుకు పోస్టరు వైపు తిరిగాడు.

"ప్లాన్‌లో ఉన్నాయి కదమ్మా. ప్లాన్‌లో ఉన్నవి ఎక్కడికి పోతాయి?"

"మళ్ళీ పొగొస్తే ప్లాన్ మీదుగా దిగమంటారా సార్?" అని వచ్చేసింది వదిన.

మెట్ల కోసం వచ్చిన ఇనుము అంతకుముందే బాల్కనీకి వాడేశారు. తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పోస్టరు చూశాడు, నీలం గోడ ముందు నిలబడి టీ తాగాడు, బ్రహ్మాండం అన్నాడు, వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన నా కంచంలో కూర వడ్డిస్తూ అంది.

"నీ కెమెరాని కొంచెం ఇటు తిప్పు."

"ఏంటి?"

"కుడివైపు. మా గోడ కనపడేట్టు. పెద్దాయన కంట్లో పడితే గానీ మా మెట్లు రావు. నువ్వు తిప్పావంటే వారంలో వస్తాయి."

"అది టేబుల్ ఫ్యాను కాదు వదినా, ఎటు కావాలంటే అటు తిప్పడానికి. కదిలితే సినిమా మొత్తం పాడవుతుంది."

"పాడైతే ఏమవుతుంది?"

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు కంటికి రెప్పలా కాచుకున్న ఫ్రేము గురించి ఇంత తేలిగ్గా మాట్లాడుతుందేమిటని ఒళ్ళు మండింది. ఫొటోలు దేనికి, టైమ్‌ల్యాప్స్ అంటే ఏమిటి అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అన్నయ్య ఇద్దరి మధ్యా తల దూర్చకుండా మజ్జిగ తాగుతున్నాడు. వదిన అంతా విని, "సరేలే, నీ సినిమా చల్లగా ఉండాలి," అని గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత చాలా రోజులు ఆ సంగతి ఎత్తలేదు, నాతో కూడా అంతంత మాత్రంగానే మాట్లాడింది.

ఎండలు ముదిరాక ఒక రోజు పొద్దున వచ్చిన ఫొటోలో కుడి అంచున ఏదో నల్లగా ఉంది. లెన్స్ మీద మరకేమో అనుకుని పెద్దది చేశాను. పొగ. గీత అవతలినుంచి నీలం గోడ మీదికి వేళ్ళు చాచినట్టు పాకుతోంది. మిగతా ఫ్రేమంతా కళకళలాడుతోంది. మొక్కలు ఉన్నాయి, బాల్కనీ ఉంది, చెయ్యి చాపిన పెళ్ళికొడుకూ ఉన్నాడు.

వదినకి ఫోన్ చేశాను. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పడి మోగుతూ ఉంటుంది. ఫ్యాక్టరీ నంబరు ఎవరూ ఎత్తడం లేదు. అన్నయ్యకి చెప్తే హడావిడిగా బయల్దేరాడు. నాకున్న దిక్కల్లా తర్వాతి ఫొటో. అరగంట సేపు ఆ పాత ఫొటోనే చూస్తూ కూర్చున్నాను. ఫొటోలో పొగ కదలదు. పెరిగిందో తగ్గిందో తెలియదు, లోపల మనుషులు దిగారో లేదో తెలియదు. కదలకూడదు, కదలకూడదు అని ఇన్నేళ్ళు పూజించిన ఫ్రేము ఆ అరగంట నిజంగానే కదల్లేదు. దాన్ని చూస్తే నాకు అసహ్యం వేసింది.

తర్వాతి ఫొటో వచ్చింది. పొగ లేదు. నీలం గోడ, తెల్ల అంచు, పూలమొక్కలు. దాంట్లో మా వదిన బతికుందో లేదో చెప్పేది ఒక్క చుక్క కూడా లేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. అన్నయ్యేమో అనుకుని ఎత్తాను. పెళ్ళికొడుకు.

"ఏం లేదమ్మా, ఇందాకటి ఫొటో ఒకటి తేడాగా వచ్చింది. తీసేసి దాని ముందుది పెట్టెయ్యండి. పెద్దాయన భోజనం టైముకి చూస్తారు."

"పై అంతస్తులో ఆడవాళ్ళు ఎలా ఉన్నారు సార్?"

"ఎవరు? ఆ, వాళ్ళా. దిగారు, దిగారు. ఒకళ్ళిద్దరు దగ్గుతున్నారు, నీళ్ళిచ్చాం. ఫొటో సంగతి మర్చిపోకండి."

"మర్చిపోను," అని ఫోన్ పెట్టేసి మోటారు మీట నొక్కాను. కెమెరా కుడివైపు తిరిగింది. కొంచెం కాదు, వదిన గోడ మొత్తం ఫ్రేములోకి వచ్చేదాకా తిప్పాను. పచ్చి సిమెంటు, చెత్త గుట్ట, అప్పుడెప్పుడో ఎత్తించిన ఇసక కుప్ప, పైన మసి బారిన కిటికీ, మెట్లు ఉండాల్సిన చోట బోడి గోడ, అన్నీ పెద్దాయన భోజనం వేళకి ఆయన గోడంత తెర మీదికి వెళ్ళాయి.

వదిన సాయంత్రం ఇంటికొచ్చింది. గొంతు బొంగురుపోయింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చేసింది చెప్తే నా వైపు చూసి, "పొగొస్తే గానీ తిరగలేదన్నమాట నీ కెమెరా," అని స్నానానికి వెళ్ళిపోయింది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

మర్నాడు కదలకూడదు గారు నన్ను పిలిచి చెడామడా తిట్టాడు. ఉద్యోగం ఊడినట్టే అన్నాడు. మధ్యలో ఆయనకి పెద్దాయన మనుషుల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టేసరికి ఆయన మొహంలో రంగులు మారిపోయాయి. పెద్దాయనకి కొత్త కోణం నచ్చిందట. కాకపోతే ఆ గోడ అంత అసహ్యంగా ఉందేమిటి, నక్షాలో మెట్లు ఉండాలి కదా అన్నాడట. అప్పుడు మా యజమాని గొంతు సవరించుకుని, కోణం మార్చాలని తను ఎప్పటినుంచో అనుకుంటున్నట్టు, సినిమాలో ఇది రెండో భాగం అన్నట్టు నాకే వివరించాడు. నేను తలూపాను.

ఇక చూడాలి పెళ్ళికొడుకు హడావిడి. చెత్త మాయమైంది. దాన్ని ఎడమవైపు పోయించాడు, ఇప్పుడు అటు కెమెరా చూపు లేదు కదా. నీళ్ళు పోసేవాళ్ళు లేక అటువైపు పూలమొక్కలు ఎండిపోయాయి. ఇటువైపు నీలం రంగు వచ్చింది, ఇనప మెట్లు వచ్చాయి. పసుపు రంగు వేసిన మెట్లు, చక్కటి కమ్మీలు, పైన చిన్న అరుగు, అరుగు మీద ఆకుపచ్చ తలుపు. ఫొటో ఫొటోకీ ఒక్కో మెట్టు లేస్తుంటే నాకు ఛాతీ ఉప్పొంగింది. ఆ సాయంత్రం వదిన కోసం గుమ్మంలోనే నిలబడ్డాను.

"మెట్లొచ్చాయిగా వదినా."

"వచ్చాయి. చాలా బాగున్నాయి."

"మరి మొహం అలా ఉందేంటి?"

"తలుపు చూశావా?"

"చూశాను. ఆకుపచ్చది."

"అది తలుపు కాదు. గోడ మీద పెయింటర్ చేత వేయించాడు. గొళ్ళెం కూడా వేయించాడు, నీడతో సహా. లోపలికొచ్చి చూస్తే ఎప్పటి గోడే. నేను అడిగితే ఏమన్నాడో తెలుసా? అసలు తలుపు తర్వాత పెడతాం, ప్రస్తుతానికి ఫొటోకి లోటు లేకుండా చూశామమ్మా అన్నాడు."

అన్నయ్య నవ్వబోయి మా మొహాలు చూసి మానుకున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మెట్లు తెప్పించింది నేనే అని ఊరంతా చెప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, తీరా చూస్తే నా కెమెరా తెప్పించింది ఒక బొమ్మ. ఇంకోసారి తిప్పితే ఇంకో బొమ్మ వస్తుంది.

"ఇప్పుడేం చేస్తావు వదినా?"

"నువ్వు ఏమీ చెయ్యకు. కెమెరాని ఉన్నచోటే ఉంచు. ఈసారి కదిలించావంటే ఊరుకోను," అంది వదిన.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చిన ఫొటోలో ఆకుపచ్చ తలుపు మధ్యలో చిన్న నల్ల చుక్క ఉంది. తర్వాతి ఫొటోలో అది గుమ్మడికాయంత అయింది. కదలకూడదు గారు తన గదిలోంచి కేకేశాడు.

"లెన్స్ మీద ఏదో మచ్చ పడింది, చూడు."

"లెన్స్ శుభ్రంగానే ఉందండి."

"మరి పెరుగుతోందేంటి?"

"పెరుగుతోందండి," అన్నాను.

లోపల ఏం జరుగుతోందో వదిన తర్వాత చెప్పింది. పొద్దున వచ్చేటప్పుడే తలో సుత్తీ, ఉలీ తెచ్చుకున్నారట. అన్నాలు తినడం మానేసి, వంతులవారీగా గోడని లోపలినుంచి కొట్టారట. పెళ్ళికొడుకు పరిగెత్తుకుంటూ పైకొచ్చి ఆపండి ఆపండి అంటే, బంక చేతులతో తోస్తే చొక్కా పాడవుతుంది సార్ అన్నదట ఒకావిడ. ఆయన చొక్కా చూసుకుని మెట్టు దిగాడట.

మూడో ఫొటోలో తలుపు మేర మొత్తం కన్నం పడింది. మెట్ల మీద ఆడవాళ్ళు వరసగా దిగుతున్నారు. మొహాల నిండా సిమెంటు దుమ్ము. మొదటి మెట్టు మీద వదిన ఉంది, చేతిలో సుత్తి ఉంది. ఏనాడూ నా ఫ్రేములోకి రాని మనిషి అంత స్పష్టంగా కనపడేసరికి, ఆఫీసులో అందరి ముందూ నేను ఏడ్చేశాను. సిగ్గేం పడలేదు.

పెద్దాయన దగ్గర్నుంచి సందేశం రానే వచ్చింది. ఉద్యోగాలు ఊడతాయనే అనుకున్నాం మేమంతా. కదలకూడదు గారు దాన్ని పైకి చదివాడు. 'ఆ ఆకుపచ్చ తలుపు తెరిచినప్పుడు లోపల నల్లగా కనిపిస్తోంది. బాగాలేదు. ఎప్పుడూ మూసి ఉంచమని చెప్పండి.'

అంత పెద్ద తెర పెట్టుకున్న మనిషికి బొమ్మకీ తలుపుకీ తేడా తెలియలేదు. ఆయన మాట కాదనే దమ్ము పెళ్ళికొడుక్కి లేదు, తలుపు బొమ్మని తనే వేయించానని చెప్పే దమ్ము అంతకన్నా లేదు. మూసి ఉంచమన్నారు కాబట్టి మూయడానికి ఏదో ఒకటి ఉండాలి. తెల్లారేసరికి నిజం తలుపు తెప్పించాడు. ఇనపది, ఆకుపచ్చ రంగుది. ఎప్పటికీ మూసే ఉండేట్టు బయటివైపు ఒక గడియ, దానికో పెద్ద తాళం కూడా తెచ్చాడు.

వదినా వాళ్ళూ వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. గడియ లోపలివైపు బిగిస్తే గానీ లేచేది లేదన్నారు. పెళ్ళికొడుకు బతిమాలాడు, బెదిరించాడు, ఉద్యోగాలు తీయిస్తానన్నాడు. ఫొటో తీసే వేళ దగ్గరపడుతోంది. అంతమంది ఆడవాళ్ళు మెట్ల మీద బైఠాయించి ఉండగా ఫొటో పెద్దాయన గోడ మీదికి వెళితే తన గతేమిటో తలుచుకున్నాడు. మెకానిక్‌ని కేకేసి, చెప్పినట్టే చెయ్యమన్నాడు.

తలుపు ఇప్పుడు ప్రతి ఫొటోలోనూ మూసే ఉంటుంది. పెద్దాయన సంతోషంగా ఉన్నాడని విన్నాను. గడియ ఏ వైపు ఉందో ఆయనకి కనపడదు.